మెరక లేని ఘాటీ

కుంకుడుమెట్ట ఘాటీలో కొండ లేదని పర్వత విహార మండలి వారు తేల్చిన రోజున, పాంగి దాలమ్మ ఆ కొండ నెత్తిమీదే కూర్చుని అల్లం దంచుతోంది. వాళ్ళొచ్చి చెప్పేదాకా ఆవిడకి ఆ సంగతి తెలీదు. కొండకైతే ఇప్పటికీ తెలీదు.

ముందు ఆ చోటు సంగతి చెప్పుకోవాలి. కింద చిన్నగెడ్డ అనే వాగు ఒడ్డున గెడ్డవలస అని ఊరుంది. అక్కడ సైకిలెక్కితే నేరేళ్ళూ, సిల్వర్‌ఓక్ చెట్లూ, వాటి నీడన కాఫీ తోటలూ దాటుకుంటూ దారి మెలికలు తిరిగి పైకి పోతుంది. నెత్తికెక్కాక అవతలి వైపు పనసపుట్టు దాకా జారుతుంది. అక్కణ్ణించి గెడ్డ వెంబడే చుట్టు తిరిగి మళ్ళీ గెడ్డవలసకే వస్తుంది. చూడ్డానికి కళ్ళు చాలవు. ఎక్కడానికి ఊపిరి చాలదు. సరిగ్గా ఆ ఊపిరి చాలని చోటే, ఘాటీ నెత్తిన, దాలమ్మ టీ పాక వేసింది. ఆ మలుపుని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయాసం మలుపంటారు.

ఆ ఊళ్ళవాళ్ళకి సైకిలంటే ఎక్కేది కాదు, తోసేది. సంతరోజున పనసకాయలో, పసుపు బస్తాలో కట్టుకుని తోసుకుంటూ పైకొస్తారు. దాలమ్మ పాకలో కూలబడి టీ తాగుతారు. దిగేటప్పుడు మాత్రం సైకిలెక్కుతారు. అంత బరువుతో దిగితే ఏ బ్రేకూ పట్టదు కాబట్టి, గుబురుగా ఉన్న కొమ్మనొకదాన్ని తాడుతో వెనక క్యారేజీకి కట్టుకుంటారు. అది నేలమీద ఈడ్చుకుంటూ వస్తూ బండిని పట్టి ఉంచుతుంది. కిందికి చేరాక కొమ్మ విప్పి అక్కడ పడేస్తారు. పైకొచ్చేవాళ్ళెవరో దాన్ని బస్తా మీద వేసుకొచ్చి దాలమ్మ పాక పక్కన పోగులో పెడతారు. ఎవడబ్బ సొమ్మూ కాదు, ఎవడూ ఎవణ్ణీ అడగడు. ఆకులు రాలి పనికిరాకుండా పోయినవి దాలమ్మ పొయ్యిలోకి పోతాయి.

పాక వెయ్యకముందు దాలమ్మా, మొగుడు సింగన్నా ఏటేటా ఇటుకల బట్టీకి వలసపోయేవారు. అక్కడే సింగన్న నడుం విరగ్గొట్టుకున్నాడు. తిరిగొచ్చాక నాలుగు రాటలు పాతి, పైన గడ్డి కప్పి, పొయ్యి వెలిగించింది దాలమ్మ. ఆ రోజు నుంచి బట్టీ మొహం చూడలేదు. అందుకే ఆయాసంతో ఎవరొచ్చినా ఆవిడకి ముద్దొస్తారు.

విహార మండలి వాళ్ళు ఈ దారిని సైకిల్ యాత్రా మార్గంగా ప్రకటించినప్పుడు దాలమ్మ పాకకి లైసెన్సు కూడా ఇచ్చారు. "ఘాటీ శిఖర విశ్రాంతి కేంద్రం" అని అందులో రాసుంది. సింగన్న దానికి ప్లాస్టిక్ తొడిగించి రాటకి మేకుతో కొట్టాడు. పట్నం నుంచి హెల్మెట్లు పెట్టుకుని జనం రావడం మొదలైంది. అంతా బాగానే ఉండేది, చైర్మన్ గారి మేనల్లుడు రాకపోతే.

ఆ కుర్రాడు ఒంటికి అతుక్కుపోయిన రంగు బట్టలు వేసుకుని, వేలితో లేపగలిగే సైకిల్ మీద వచ్చాడు. సగం ఘాటీ దాకా సైకిల్ వచ్చింది. ఆ తరవాత కుర్రాడూ సైకిలూ పసుపు బస్తాల ఆటో ఎక్కి వచ్చారు. పాకలో మూడు టీలు తాగాక అతనికి మాటొచ్చింది.

"ఈ కొండ ఎవరు పెట్టారు?" అన్నాడు కోపంగా.

"మావు కాదు బాబూ," అంది దాలమ్మ హడావిడిగా. "మావొచ్చేతలికే ఉన్నాది."

అతను వెళ్ళి మేనమామకి చెప్పుకున్నాడు. చైర్మన్ గారు మండలి సమావేశంలో బల్ల గుద్ది అదే ప్రశ్న వేశారు. యాత్రికుల సౌఖ్యమే మన ధ్యేయం కదా, అలాంటప్పుడు మార్గంలో మెరక ఎలా చొరబడింది, బాధ్యులెవరు అని అడిగారు. బాధ్యులు దొరకలేదు. మెరకను మాత్రం నిర్మూలించాలని తీర్మానం చేశారు.

*

నిర్మూలన సంఘం వారు జీపులో వచ్చారు. జీపు ఆయాసం మలుపు దాకా మూలుగుతూ వచ్చి, అక్కడ బుస్సుమని ఆగింది. సింగన్న రెండు బిందెల నీళ్ళు తెచ్చి దాని ముక్కులో పోశాడు. దిగినవాళ్ళు ముగ్గురు. మండలి డైరెక్టరు మార్కండేయులు గారు. కొలతల్లో మహా నిపుణుడని పేరున్న విశ్రాంత ఆచార్యుడు వాచస్పతి గారు. ఫీల్డ్ ఆఫీసరు సన్యాసిరావు. ఈ సన్యాసిరావుది కాంట్రాక్టు ఉద్యోగం. వారానికి రెండుసార్లు స్కూటరు మీద వస్తాడు, చివరి మలుపులో దిగి తోస్తాడు, దాలమ్మని దాలప్పా అని పిలుస్తాడు.

"పర్వతమును తగ్గించుటకు అటవీ శాఖ అంగీకరించదు," అన్నారు డైరెక్టరు గారు, టీ గ్లాసు చేతికొచ్చాక. "లోయను పూడ్చుటకు నీటిపారుదల శాఖ అంగీకరించదు. కావున తమరు శాస్త్రీయ దృక్పథముతో ఒక పరిష్కారము అనుగ్రహించవలెను."

ఆచార్యులు గారు కళ్ళు మూసుకున్నారు. జీపు ఇంకా పొగలు కక్కుతోంది.

"యాత్రికుడు బయల్దేరే చోటేది?" అన్నారు కళ్ళు తెరిచి.

"గెడ్డవలస," అన్నాడు సన్యాసిరావు.

"చేరే చోటు?"

"అదీ గెడ్డవలసే సార్. చుట్టు తిరిగి అక్కడికే వస్తారు."

"గెడ్డవలస ఎత్తులోంచి గెడ్డవలస ఎత్తు తీసేస్తే ఎంత మిగులుతుంది?"

డైరెక్టరు గారి చేతిలో గ్లాసు ఆగిపోయింది. "శూన్యం!"

"మరి మెరక ఎక్కడుందయ్యా?" అన్నారు ఆచార్యులు గారు జాలిగా. "నికరంగా చూస్తే ఈ మార్గం సమతలం."

డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. ఇంతకాలం ఈ అమాయక ప్రజలను ఎంతటి అపోహలో ఉంచితిమి అన్నారు.

"కానీ సార్, మధ్యలో..." అని సన్యాసిరావు గొణిగాడు.

"మధ్యలో సంగతి మధ్యలోనే ఉంటుందోయ్. ఫైలుకి మొదలూ చివరా ఉంటే చాలు."

దాలమ్మ అన్నీ వింటూనే ఉంది. ఆవిడకి లెక్క నచ్చింది గానీ ఒకచోట ముల్లు గుచ్చుకుంది. "బాబూ, మరి నానెక్కడున్నాను?" అనడిగింది.

"సమతలమున ఉన్నావమ్మా."

"మరి మీ జీపెందుకు మరిగిపోనాది?"

"అది యాంత్రిక లోపము," అన్నారు డైరెక్టరు గారు.

*

పదిరోజుల్లో ఘాటీ పొడుగునా బోర్డులు వెలిశాయి. "ఇది సమతల సైకిల్ మార్గం. ఆనందించండి." సరిగ్గా మెడలు విరిగే మలుపు దగ్గర ఉన్న బోర్డు అన్నిటికంటే పెద్దది. బోర్డులు పాతిన కూలీలు మధ్యమధ్య దాలమ్మ పాకకొచ్చి పడుకున్నారు.

ఆ తరవాతే సన్యాసిరావు స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. కూర్చోలేదు. టీ అడగలేదు. జేబులోంచి కాగితం తీశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఏటి బాబూ, ఎవులైనా పోనారేటి?"

"నీ పాక దాలప్పా. నీ లైసెన్సులో శిఖరం అని ఉంది కదా. శిఖరం లేదని తేలిపోయింది. లేని శిఖరం మీద వ్యాపారం చెయ్యడం నేరమట. చైర్మన్ గారొచ్చి మార్గం ప్రారంభించే రోజుకి తీసెయ్యాలి."

దాలమ్మ పొయ్యి మీంచి టీ గిన్నె దించింది. "శిఖరమన్న మాట కొట్టీసి ఇంకోటి రాసుకోరాదా బాబూ?" అంది. గొంతులో ఎప్పుడూ ఉండే గడుసుదనం లేదు.

ఆ పనీ చేశారు. సన్యాసిరావే కూర్చుని అర్జీ రాసిపెట్టాడు. అందులో పాక పేరు "సమతల విశ్రాంతి కేంద్రం". మండలి జవాబు తొందరగానే వచ్చింది, అలాంటి జవాబులకి ఆలస్యం ఉండదు. సమతలమున యాత్రికుడు అలయడు. అలయనివానికి విశ్రాంతి అనవసరము. అంతేగాక దారి ప్రక్కన జనులు కూలబడి టీ త్రాగుచుండుట చూచినచో, ఇచ్చట మెరక ఉన్నదేమో అను దురభిప్రాయము కలుగును. కావున అర్జీ త్రోసిపుచ్చడమైనది.

సింగన్న ఆ మాటలు విని నడుం పట్టుకుని లోపలికి పోయాడు. ఆ పూట ఇద్దరికీ అన్నం సయించలేదు. మళ్ళీ బట్టీ, మళ్ళీ ఆ బూడిద, మళ్ళీ మేస్త్రీ కేకలు. ఈసారి మోసేది తనొక్కతే. దాలమ్మకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఏడ్చాక ఆచార్యుణ్ణి తిట్టింది. తిట్టాక కొంచెం తేలికైంది.

*

మండలి వారు అక్కడితో ఆగలేదు. మెరక పోయినా మెరక తాలూకు గుర్తులు మిగిలాయని వాళ్ళ బెంగ. ముఖ్యంగా సంతకెళ్ళే జనం. వాళ్ళు నడుం వంచి, పళ్ళు బిగించి సైకిళ్ళు తోస్తున్నారు. అది చూసిన యాత్రికుల మనోబలం దెబ్బతింటుందని, దారిలో అందరూ నిటారుగా, మందహాసంతో నడవాలని ఉత్తర్వు వచ్చింది. దాన్ని అమలు చెయ్యడానికి గౌరునాయుడనే పల్లపు ఊరి మనిషిని నిటారు పర్యవేక్షకుడిగా వేసి, మెళ్ళో ఈల వేలాడదీసి పంపారు.

గౌరునాయుడు మొదటిరోజు దాలమ్మ పాక పక్కన నిలబడి ఈల ఊదాడు. ఎదురుగా పనసకాయల సైకిల్ తోసుకుంటూ గెమ్మెలి బుద్రన్న వస్తున్నాడు. అరవై దాటిన మనిషి.

"తాతా! నిటారుగా నడవాల!"

"నిటారుగా తోస్తే కాయలన్నీ నామీద పడతాయి కదా నాయనా."

"మరి నవ్వు!"

బుద్రన్న నవ్వడానికి ప్రయత్నించాడు. పట్టు తప్పి సైకిల్ వెనక్కి నడిచింది. ఇద్దరు పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సమతలం మీద నుంచి పనసకాయలతో సహా గెడ్డలో తేలేవాడు.

జనం గొణగడం మొదలుపెట్టారు. అది తెలిసి డైరెక్టరు గారే వచ్చి అవగాహన సదస్సు పెట్టారు. పాక ముందు అందరినీ కూర్చోబెట్టి నచ్చజెప్పారు.

"మీరు పైకి ఎక్కుచున్నామనుకొనుచున్నారు. ఎక్కుట లేదు. మీకు కలుగుచున్నది ఆయాసము కాదు. తాతముత్తాతల కాలం నుండి ఇచ్చటికి వచ్చి రొప్పుచున్నారు కాబట్టి మీరును రొప్పుచున్నారు. దానిని అలవాటు అందురు. అలవాటును జయించవలెను."

"రొప్పడమంటే ఊపిరి కదా బాబూ," అన్నాడు బుద్రన్న. "దాన్ని జయిస్తే పోతాం కదేటి?"

డైరెక్టరు గారు ఆ ప్రశ్నను తరువాతి సదస్సుకు వాయిదా వేశారు. వెళ్ళేముందు జీపులో కూర్చుని, "చైర్మన్ గారు వచ్చేసరికి ఈ పాక ఉండరాదు సుమా," అని సన్యాసిరావుకి మరోసారి గుర్తుచేశారు.

*

ప్రారంభోత్సవానికి ముందురోజు కొత్త సైకిళ్ళ లారీ వచ్చింది. అదీ ఆయాసం మలుపులోనే ఆగింది. సైకిళ్ళు నీలం రంగులో తళతళలాడుతున్నాయి. దాలమ్మ ముచ్చటగా ఒకదాని హ్యాండిల్ నిమిరింది. నిమిరిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఓలమ్మో! బ్రేకులేవి బాబూ?"

సన్యాసిరావు బల్ల మీద కూలబడి తల పట్టుకున్నాడు. "కొనుగోళ్ళ సంఘం కొట్టేసింది దాలప్పా. మెరక లేనిచోట పల్లం ఎక్కడిది, పల్లం లేనిచోట బ్రేకెందుకు, అనవసరపు ఖర్చు అన్నారు. నేను కాదంటే మెరక ఉందని ఒప్పుకున్నట్టేనట. ఉందంటే నా ఉద్యోగం ఉండదు."

"ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతాది బాబూ. పీక పోతే దొరకదు. రేపు ఇవి ఎవులెక్కుతారు?"

"చైర్మన్ గారు, డైరెక్టరు గారు, ఆ మేనల్లుడు. వాళ్ళందరికంటే ముందు, దారి చూపిస్తూ, నేను."

దాలమ్మ అవతలి వైపు చూసింది. పనసపుట్టు దాకా జారిపోతున్న దారి. చివర గెడ్డ మలుపు. తన పాక తీసేసేవాళ్ళే రేపు ఆ దారిన పోతారు. పోనీ, పడనీ అని ఒక్క క్షణం ఆవిడకి అనిపించిన మాట నిజం. కానీ సన్యాసిరావు అక్కడే కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అందరికంటే ముందు పోయేది అతనే.

"రేపు నాకాడికి రా బాబూ. నువ్వు బండెక్కే ముందు ఒక్కసారి రా," అంది.

*

మర్నాడు అతిథులను వ్యానులో, తెరలు దించి, ఘాటీ నెత్తికి తెచ్చారు. సమతలం మీద వ్యాను అంతలా ఎందుకు మూలుగుతోందో చైర్మన్ గారికి కనబడకూడదని తెరలు. పాకకి ఎదురుగా రిబ్బను కట్టారు. రిబ్బను కత్తిరించాక పాక పీకడానికి నలుగురు గునపాలతో పక్కన నిలబడ్డారు. దాలమ్మ సామాను మూట కట్టుకునే ఉంది. పొయ్యి మాత్రం ఆర్పలేదు.

చైర్మన్ గారు భారీ మనిషి. ప్రసంగం కూడా అలాంటిదే. "ఎత్తుపల్లాలు లేని సమసమాజానికి ఈ మార్గమొక నాంది" అన్నారు. చప్పట్లు మోగాయి. అందరూ నీలం సైకిళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆ సందులో సన్యాసిరావు పాక వెనక్కి జారుకున్నాడు. దాలమ్మ పోగులోంచి గుబురైన సిల్వర్‌ఓక్ కొమ్మ లాగి, అతని క్యారేజీకి మూడు ముళ్ళు వేసి బిగించింది.

కొమ్మ ఈడ్చుకుంటూ వస్తున్న సన్యాసిరావుని చూసి డైరెక్టరు గారి మొహం ఎర్రబడింది. "ఏమిటోయ్ అది?"

సన్యాసిరావు నోరు తెరిచేలోపే అతని వెనక నుంచి దాలమ్మ అందుకుంది.

"పచ్చకొమ్మ బాబూ. మా కాడ పెద్దోళ్ళు బండెక్కితే మర్యాదకి మావు కడతావు."

డైరెక్టరు గారు చైర్మన్ గారి వైపు చూశారు. చైర్మన్ గారు సన్యాసిరావు కొమ్మ వైపు చూస్తున్నారు. ఆ చూపులో బాధ ఉంది.

"కాంట్రాక్టు ఉద్యోగికి కట్టారు," అన్నారు చైర్మన్ గారు మెల్లగా. "నాకు లేదు."

ఇంక చెప్పాలా! డైరెక్టరు గారు ఉరికారు. గునపాలవాళ్ళు గునపాలు పారేసి కొమ్మలు మోశారు. సన్యాసిరావు కొమ్మ కంటే డైరెక్టరు గారిది పెద్దదిగా ఉండాలి, డైరెక్టరు గారి దానికంటే చైర్మన్ గారిది పెద్దదిగా ఉండాలి. చైర్మన్ గారికి చిన్న చెట్టంత కొమ్మ కట్టింది దాలమ్మ. మనిషి బరువు చూసి, పక్కన ఇంకోటి కూడా తగిలించింది. ఆయన వెనక్కి తిరిగి చూసుకుని పరమానందపడ్డారు.

"బాబూ, నువ్వూ కట్టించుకో," అంది మేనల్లుడితో.

"ఫొటోలో చెత్తలా పడుతుంది," అన్నాడు అతను కళ్ళజోడు సర్దుకుంటూ.

"ఫొటోకేటి బాబూ, ముందు..."

గౌరునాయుడు ఈల ఊదేశాడు.

సన్యాసిరావు సర్రున దిగాడు. వెనక డైరెక్టరు గారు. ఆ వెనక ఇంత ఎర్రదుమ్ము లేపుకుంటూ, రోడ్డంతా ఊడ్చుకుంటూ, ఊరేగింపులో దేవుడంత నింపాదిగా చైర్మన్ గారు. ముగ్గురినీ దాటుకుని మేనల్లుడు పోయాడు. మొదటి మలుపులో చెయ్యి ఊపాడు. రెండో మలుపులో కేక వేశాడు. మూడో మలుపులో కేక మాత్రమే వినపడింది.

పనసపుట్టు గెడ్డలో గేదెలు పడుకునే మడుగొకటుంది. అతను గేదెల మధ్య పడ్డాడు. ఒంటికి బురద తప్ప దెబ్బ తగల్లేదు. గేదెలే కొంచెం బెదిరాయి.

*

విచారణ దాలమ్మ పాకలోనే జరిగింది. ఆ గందరగోళంలో దాన్ని పీకడం ఎవరికీ గుర్తులేదు, చుట్టుపక్కల కూర్చోడానికి ఇంకో నీడా లేదు.

"మార్గము సమతలము," అన్నారు డైరెక్టరు గారు. "కావున మార్గములో దోషము లేదు. సైకిల్ మండలి కొన్నది. కావున సైకిల్‌లో దోషము లేదు. నడిపినవారు చైర్మన్ గారి మేనల్లుడు. కావున నడిపినవారిలో దోషము ఉండుటకు వీలే లేదు. ఇక మిగిలినదేమి?"

ఆచార్యులు గారు వేలు పైకెత్తారు. "క్షేమంగా దిగిన ముగ్గురికీ కొమ్మ ఉంది. పడినవాడికి లేదు. దోషం కొమ్మ లేకపోవడంలో ఉంది."

అంతా తేలికగా నిట్టూర్చారు. అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. శిఖర విశ్రాంతి కేంద్రం రద్దు. దాని స్థానంలో పర్ణ వితరణ కేంద్రం. నిర్వాహకురాలు పాంగి దాలమ్మ. ప్రతి యాత్రికుడూ ఇక్కడ కొమ్మ కట్టించుకుని గానీ కదలరాదు. సన్యాసిరావు చదివి వినిపిస్తుంటే దాలమ్మకి సగం మాటలు అర్థం కాలేదు. పాక ఉంటుందని మాత్రం అర్థమైంది. సింగన్న పాత లైసెన్సు పీకి అదే మేకుకి కొత్తది కొట్టాడు. ఆ పూట వచ్చినవాళ్ళందరికీ బెల్లం ఎక్కువేసి టీ పోసింది.

ఆ సంబరం నెలైనా నిలవలేదు. ఆడిట్ వాళ్ళు అభ్యంతరం పెట్టారు. మార్గమంతా ఒకే మట్టమై ఉండగా, కొమ్మను ఈ ఒక్కచోటనే ఎందుకు కట్టవలెను? ఇచ్చటి నేలకు గల ప్రత్యేకత ఏమి? ప్రత్యేకత ఉన్నదన్నచో మెరక ఉన్నట్లే. డైరెక్టరు గారు వణికిపోయి వెంటనే సవరించారు. యాత్రికులు గెడ్డవలసలో బయల్దేరేటప్పుడే కొమ్మ కట్టుకోవాలి, తిరిగి గెడ్డవలస చేరేదాకా విప్పకూడదు. కేంద్రం గెడ్డవలసకి మార్చబడినది.

ఈసారి దాలమ్మ ఏడవలేదు. ఏడుపు కూడా విసుగెత్తిపోయింది. మేకు మీది కాగితం వైపు చూసి, "ఈళ్ళకి నా పాకే కనిపించిందేటి?" అంది. సింగన్న బట్టీకి తీసుకెళ్ళే సంచి వెతకడం మొదలుపెట్టాడు.

సంచి దొరికేలోపే కొత్త నియమం ప్రకారం వచ్చిన మొదటి జట్టు మలుపు తిరిగింది.

పట్నం ఆఫీసుల వాళ్ళు, డజను మంది. గెడ్డవలస నుంచి ఘాటీ పొడుగునా ఒక్కొక్కరూ ఒక్కో కొమ్మ ఈడ్చుకుంటూ వచ్చారు. మామూలుగా వస్తేనే ప్రాణాలు కళ్ళలోకొచ్చే దారి. ఒకాయన పాక ముందు సైకిలుతో సహా ఒరిగిపోయాడు. ఒకావిడ చెప్పులు విప్పి గుండెల మీద పెట్టుకుని పడుకుంది. "నీళ్ళు" అన్నది ఒక గొంతు. "టీ" అన్నవి తక్కినవన్నీ.

దాలమ్మ పరిగెత్తి పొయ్యి రాజేసింది. గౌరునాయుడు కొమ్మలు తనిఖీ చేశాడు. అంత దూరం మెరక మీద రాపిడికి ఆకొక్కటి మిగల్లేదు, అన్నీ ఎండు పుల్లలే.

"ఆకు లేంది కొమ్మ కాదు," అన్నాడు గౌరునాయుడు నిబంధన గుర్తు చేసుకుని. "ఇలగ మిమ్మల్ని కదలనివ్వను."

"మరి ఏం చెయ్యమంటారు?" అన్నాడు ఒరిగిపోయినాయన నేలమీంచే.

గౌరునాయుడు పాక పక్కనున్న పోగు వైపు చూశాడు. దాలమ్మ కూడా చూసింది. సన్యాసిరావు ఆ సాయంత్రమే పైకి రాసి పంపాడు. వారం తిరిగేసరికి పాక పేరు పర్ణ పునరుద్ధరణ కేంద్రమైంది. కొత్త కొమ్మ కట్టేదాకా యాత్రికులు అక్కడే ఆగాలి. ఆగినవాళ్ళు టీ తాగకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. ఎండు పుల్లలన్నీ పొయ్యిలోకి. మునుపు ఒక టీ తాగేవాళ్ళు ఇప్పుడు రెండు తాగుతున్నారు. సింగన్న బట్టీ సంచీలో పంచదార పోసి పెట్టాడు.

అధికారులు కూడా నెలకోసారి ఈ సమతల మార్గంలో స్వయంగా తిరిగి ప్రజల్లో నమ్మకం పెంచాలని చైర్మన్ గారు ఆదేశించారు. ఆ నెల మార్కండేయులు గారి వంతు. గెడ్డవలసలో హోదాకు తగ్గ కొమ్మే కట్టారు ఆయనకి. మధ్యాహ్నం దాటాక ఆయాసం మలుపులో మొదట సైకిల్ చక్రం కనిపించింది, తరవాత ఆయన. నడుం సగానికి వంగింది. మందహాసం లేదు. గౌరునాయుడు ఈల నోట్లో పెట్టుకుని, మనిషిని గుర్తుపట్టి, గబుక్కున తీసేశాడు.

డైరెక్టరు గారు పాకలోకొచ్చి బల్ల మీద కుప్పకూలారు. మొహం వంకాయ రంగుకి తిరిగింది.

"ఆయాసమా బాబూ?" అంది దాలమ్మ.

ఆయన ఉండమన్నట్టు వేలెత్తారు. చాలాసేపు గాలి పీల్చారు, వదిలారు, మళ్ళీ పీల్చారు. పక్కబల్ల మీదున్న బుద్రన్న టీ ఆపి మరీ చూస్తున్నాడు.

"ఆయాసము... కాదు," అన్నారు ఎట్టకేలకు. "అల... అలవాటు."

దాలమ్మ తలూపి లోపలికి కేకేసింది.

"ఓయ్! బాబుకి అలవాటు బాగా ముదిరిపోనాది. అల్లం ఇంకొంచెం దంచు!"